వచ్చీరాని బ్యాండు

వాయించడం వచ్చినవాళ్ళు నలుగురు కలిసి బ్యాండు పెట్టుకోవడం లోకంలో మామూలే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, టకటక అనే పిల్ల వాళ్ళ బావ మాత్రం వాయించడం రానివాళ్ళను ఏరికోరి పోగుచేసి రాక్ బ్యాండు పెట్టాడు. దానికి ‘వచ్చీరాని’ అని పేరు కూడా తనే పెట్టాడు. ‘రాని’ అంటే సరిపోతుంది కదా, ముందు ‘వచ్చీ’ ఎందుకని ఆయన భార్య, అంటే టకటక అక్క, అడిగితే, పోస్టరు మీద నిండుగా కనిపించడానికి అన్నాడు. ఆ జవాబును అప్పుడే కాస్త నిలదీసి ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

బావ వృత్తికి ప్లంబరు. చిన్నప్పుడు సంగీతం మీద మోజుకొద్దీ తమ వీధి చివర ఉండే సంగీతం మాస్టారి దగ్గర చేరాడు. మాస్టారు ఓపిక ఉన్నంతవరకు పట్టి, చివరికి ఒకరోజు పియానో మూత వేసేసి, “బాబూ, ఇది నీకు రాదు. వెళ్ళి ఏదైనా పైపులో ఊదుకో” అన్నాడట. గురువు మాట అంత తు.చ. తప్పకుండా పాటించిన శిష్యుడు ఆయనకు మళ్ళీ దొరికి ఉండడు. బావ నిజంగానే పైపులు పట్టుకున్నాడు. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అని నలుగురూ అనుకుని ఊరుకుంటారు. బావ ఊరుకోలేదు, ఆ పుల్లటి ద్రాక్షతోనే దుకాణం తెరిచాడు. “వచ్చినవాడు వాయిస్తే అది పని. రానివాడు వాయిస్తేనే సంగీతం” అన్నది ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కాబట్టి, ఆ నాలుగో కాలు గురించి ఆయనతో ఎవరూ వాదించేవారు కాదు.

సిద్ధాంతం ఉన్నాక రూలు ఉండాలి కదా. వాయిద్యాలన్నీ బావ స్టోరులో, పైపుల కట్టలకూ వాష్‌బేసిన్లకూ మధ్య ఇనుప జాలీ గదిలో తాళం వేసి ఉండేవి. తాళంచెవి బావ నడుముకు వేలాడేది. కచేరీ రోజున తప్ప ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ప్రాక్టీసు అన్న మాట ఎత్తకూడదు. మూడు నెలలకోసారి పరీక్ష. ఒక్కొక్కరూ విడిగా వాయించాలి. వాయించడం వచ్చేసిందని తేలినవాళ్ళు ఫెయిలు. వాళ్ళ వాయిద్యం అక్కడికక్కడే లాగేసుకుని, బావ తన పని టోపీలో చీట్లు వేసి తీయించేవాడు. ఏ చీటీ వస్తే ఆ వాయిద్యం. అందులోనూ వచ్చేసేదాకా అదే గతి.

బ్యాండులో మొత్తం నలుగురు. బావ గిటారు పట్టుకుని పాడతాడు, అంటే ఆ రెండు పనులూ ఒకదానికొకటి సంబంధం లేకుండా జరుగుతాయి. అక్క బట్టలు సరిచేసే షాపు నడుపుతుంది. నడుము దగ్గర వదులు, భుజం దగ్గర బిగువు ఆమెకు చూపుతోనే తెలిసిపోతాయి. బ్యాండులో ఆమెది కీబోర్డు. బేస్ గిటారు పళ్ళ డాక్టరుగారిది. క్లినిక్‌లో మూసుకుపోయిన సింకు బాగుచేయడానికి బావ వెళ్ళినప్పుడు, తనకు సంగీతమంటే ఏమీ తెలియదని ఆయన నోరు జారాడు. బావ సింకు కింద నుంచి బయటికి కూడా రాకుండానే ఆయనను బ్యాండులోకి తీసుకున్నాడు.

ఇక టకటక. ఆమె అక్కకు చెల్లెలు, కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో కూర్చుని అద్దాలను ఫ్రేములకు సరిపోయేలా అరగదీసే ఉద్యోగం. చిన్నప్పటినుంచి కంచం, బల్ల, కిటికీ, పక్కవాళ్ళ వీపు, దేన్నీ వదలకుండా వేళ్ళతో కొడుతుంది కాబట్టి ఇంట్లో ఆ పేరు ఖాయమైపోయింది. పాపం ఆ పిల్లకు ఒక జబ్బు ఉంది. ఏది ముట్టుకున్నా వచ్చేస్తుంది. మొదట వయొలిన్ ఇచ్చారు. రెండో పరీక్షకే పాట వచ్చేసింది, వయొలిన్ పోయింది. తర్వాత ట్రంపెట్. అదీ వచ్చేసింది, అదీ పోయింది. పెదవులు నొప్పి పుట్టే వాయిద్యం కనుక అది పోయినందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. మూడోసారి చీటీలో డ్రమ్ములు వచ్చాయి.

డ్రమ్ముల ముందు కూర్చోగానే టకటకకు తన బతుకంతా అర్థమైపోయింది. ఇన్నేళ్ళుగా బల్లలమీదా కిటికీలమీదా వెతుకుతున్నది ఇదే. కర్ర పడిన చోట తోలు ఒక్క క్షణం లోపలికి వెళ్ళి మళ్ళీ చేతిని పైకి తోస్తుందే, ఆ తోపు కోసం ఆమె ఏమైనా వదులుకుంటుంది. దీన్ని మాత్రం పోగొట్టుకోకూడదని ఆ క్షణమే నిశ్చయించుకుంది. పోగొట్టుకోకుండా ఉండాలంటే ఒకటే దారి. రాకూడదు. వచ్చినా వచ్చినట్టు కనబడకూడదు.

మొదటి కచేరీ ఒక టైర్ల షాపు ప్రారంభానికి. ఆ చప్పుడుకు దారిన పోయేవాళ్ళంతా ఏదో ప్రమాదం జరిగిందనుకుని పరుగెత్తుకొచ్చారు. ప్రమాదం లేదని తెలిశాక కూడా వెళ్ళలేదు. అందులో ఒకరు ఫోనులో తీసి లోకం మీదికి వదిలారు. లోకానికి పని లేదు కదా, చూసింది. తర్వాత చిన్న క్లబ్బులు, కాలేజీలు, పోస్టర్లు, టీషర్టులు. జనం కాళ్ళతో తాళం వేయడానికి ప్రయత్నించి, కుదరక, పక్కవాళ్ళమీద పడి, పడీ పడీ నవ్వేవారు. రికార్డు తీసిన స్టూడియోలో సౌండు ఇంజనీరు మంచి ఉద్దేశంతో తప్పులన్నీ ఏరి తీసేశాడు. తీరా వింటే మిగిలింది అక్క దగ్గు ఒక్కటే. బావ అవన్నీ మళ్ళీ పెట్టించాడు, దగ్గుతో సహా. వాళ్ళను చూసి ఇంకొన్ని బ్యాండులు కూడా పుట్టుకొచ్చాయి గానీ, వాటిలో ఉన్నవాళ్ళకు వాయించడం వచ్చని నాలుగు పాటలకే బయటపడేది. కల్తీ సరుకు ఎక్కువకాలం నిలవదని బావ గర్వంగా చెప్పుకునేవాడు.

ఇంతలో టకటకకు జబ్బు ముదిరింది. చేతులు ఊరుకోవడం లేదు. షాపు వెనక గదిలో ఖాళీ కళ్ళజోడు పెట్టెలు అరలనిండా ఉంటాయి. గట్టి పెట్టె కొడితే ఒక చప్పుడు, తోలు పెట్టె కొడితే ఇంకొకటి, రేకు పెట్టె అయితే తాళం చిప్పలాగే మోగుతుంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళగానే వాటిని వరసగా పేర్చి, ఫ్రేము స్క్రూలు బిగించే స్క్రూడ్రైవర్లతో మొదలుపెట్టేది. ఓసారి ఓనరు హఠాత్తుగా లోపలికి వచ్చాడు. పెట్టెలు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షిస్తున్నానని చెప్పింది. సరుకు మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని తాను చూడలేదని మురిసిపోయి, కొత్తగా వచ్చిన పెట్టెలన్నీ ఆమెకే అప్పగించాడు.

ఆ తర్వాతి పరీక్షలో ఆమె కొంప మునిగినంత పనైంది. సగం పాట తప్పులతో చక్కగా నడిపింది. అంతలో ఏమరుపాటున చేతులు వాటంతట అవి దారిలో పడ్డాయి. దెబ్బ మీద దెబ్బ, ఎక్కడ పడాలో అక్కడే. బావ తల ఎత్తాడు. ఆయన చెయ్యి మెల్లగా టోపీ వైపు వెళ్ళింది. టకటక గబుక్కున చేతిలో కర్రను తాళం చిప్ప మీదికి విసిరేసింది. అది ఎగిరి ఒక కొత్త వాష్‌బేసిన్‌లో పడి గిరగిరా తిరిగింది. బావ టోపీ వదిలి, “హమ్మయ్య, భయపెట్టావు” అన్నాడు.

అప్పటినుంచి ఆమె కళ్ళజోడు పెట్టెల మీద సరిగ్గా కొట్టడం మానేసి, తప్పడం సాధన చేసింది. తప్పడమంటే తేలికని మీరు అనుకోవచ్చు. కళ్ళు మూసుకుని కొడితే ఒక్కోసారి పొరపాటున సరిగ్గా పడుతుంది. పడకుండా ఉండాలంటే దెబ్బ ఎక్కడ పడాలో కచ్చితంగా తెలిసి, అక్కడికి చెయ్యి వెళ్ళాక ఆపుకుని, ఒక రెప్పపాటు పోనిచ్చి అప్పుడు కొట్టాలి. ఆ రెప్పపాటు పట్టుబడడానికి ఆమెకు నెలలు పట్టింది. ఇల్లు కట్టడం నేర్చుకున్న మేస్త్రీ గోడలన్నీ కావాలని వంకరగా కడుతున్నట్టు, రోజురోజుకూ ఆమె తప్పులు అందంగా తయారయ్యాయి.

తన దొంగతనం దాచుకునే హడావిడిలో ఆమె మిగతావాళ్ళవి గమనించలేదు. అక్క కత్తిరింపుల బల్ల మీద సుద్దతో గీసిన తెల్ల గళ్ళూ నల్ల గళ్ళూ ఏ బట్టకు సంబంధించినవో అడగలేదు. పళ్ళ మధ్య శుభ్రం చేసే దారాన్ని డాక్టరుగారు రెండు సొరుగుల పిడులకు బిగించి, రోగికి మత్తుమందు ఎక్కేలోపు దాని మీద వేళ్ళు ఎందుకు ఆడిస్తున్నాడో కనుక్కోలేదు. వారం వారం బావ అదే సంగీతం మాస్టారి ఇంటికి అదే కొళాయి బాగుచేయడానికి వెళ్తుంటే, అదేం కొళాయని ఆశ్చర్యపోలేదు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదానికి ఈమాత్రం కనబడలేదా అని మీరు అడగవచ్చు. కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళ చూపు బాగుండాలని ఎక్కడా లేదు.

అలా అంతా సవ్యంగా తప్పుతూ ఉండగా ఒక పత్రికలో సంగీత విమర్శకుడు బాంబు పేల్చాడు. వీళ్ళ తప్పులు మరీ నున్నగా ఉంటున్నాయనీ, బాగా వచ్చినవాళ్ళు తప్ప ఇంత బాగా తప్పలేరనీ, వచ్చీరాని బ్యాండుకు వాయించడం వచ్చనే తనకు గట్టి అనుమానమనీ రాశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇది ఏకంగా అచ్చయింది. అభిమానులు భగ్గుమన్నారు. ఇన్నాళ్ళూ మోసపోయామని టీషర్టులు తిరగేసి తొడుక్కున్నారు. ఆరోజు సాయంత్రం స్టోరులో నలుగురూ కలుసుకున్నప్పుడు గుమ్మడికాయల దొంగ ఎవరంటే నాలుగు జతల భుజాలూ ఒకేసారి తడుముకున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కాబట్టి ఎవరూ పట్టుబడలేదు.

ఊళ్ళోకెల్లా పెద్ద హాలు మేనేజరు మాత్రం ఇందులో మంచి బేరం చూశాడు. స్టేజీ మీదనే, జనం ముందే పరీక్ష పెడదామన్నాడు. ఒక అనుభవజ్ఞుడు విని, వీళ్ళకు వచ్చో రాదో అక్కడికక్కడే తేల్చి చెప్పాలి. ఆ అనుభవజ్ఞుడు ఇంకెవరో కాదు, సంగీతం మాస్టారు. బావ ఒప్పుకోనని మొండికేశాడు. ఆయన తప్ప ఎవరైనా ఫరవాలేదన్నాడు, కావాలంటే ఆ విమర్శకుడినే కూర్చోబెట్టమన్నాడు. చిన్ననాటి అవమానం ఇంకా మానలేదని అక్క జాలిపడి, ఆయనకు నచ్చజెప్పి ఒప్పించింది.

పరీక్ష రోజు హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద ఒక పక్కన కుర్చీలో మాస్టారు కూర్చున్నాడు. ఆయన ముందు బల్ల మీద, టిక్కు టిక్కు మని తాళం చూపించే చిన్న యంత్రం. దాని చప్పుడు హాలంతా వినబడేలా ఎదురుగా మైకు పెట్టారు. దానికి సరిపోతే వచ్చినట్టు, సరిపోకపోతే రానట్టు. ఇంత తేలిక పరీక్ష చిన్నపిల్లలకు కూడా పెట్టరు.

డ్రమ్ముల వెనక టకటక లెక్క వేసుకుంది. ఎప్పటిలా రకరకాలుగా తప్పితే ఎక్కడో ఒకచోట పొరపాటున టిక్కు మీద పడవచ్చు. ఒక్కటి పడినా టోపీ వస్తుంది, డ్రమ్ములు పోతాయి. అందుకని బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. పాట మొత్తం ఒక్క రెప్పపాటు వెనకే ఉండాలి. టిక్కు, రెప్పపాటు, దెబ్బ. ముందుకు పోకూడదు, వెనక్కు పోకూడదు. ఇంతకంటే భద్రమైన తప్పు లేదు.

పాట మొదలైంది. టిక్కు, రెప్పపాటు, దెబ్బ. బాగుంది. టిక్కు, రెప్పపాటు, దెబ్బ. ఇంకా బాగుంది. మరీ బాగుంది. టకటక చెవులు రిక్కించింది. తన దెబ్బతో పాటే బేస్ గిటారు మోగుతోంది. దానితో పాటే కీబోర్డు. దానితో పాటే బావ గొంతు. భయంతో మనిషి ఎంచుకునే దారులు ఎక్కువ ఉండవు. నలుగురూ ఎవరికి వారు విడివిడిగా ఆలోచించి, అదే భద్రమైన తప్పును ఎంచుకున్నారు. అందరూ టిక్కుకు ఒకే ఒక్క రెప్పపాటు వెనక, సైనికుల్లా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నారు. ఆ బ్యాండు చరిత్రలో మొదటిసారి జనం కాళ్ళు తాళం వేశాయి. పక్కవాళ్ళమీద ఎవరూ పడలేదు.

పాట సగంలోనే చచ్చిపోయింది. ఒక్క యంత్రం మాత్రం టిక్కు టిక్కు మంటూ మిగిలింది. మాస్టారు చెయ్యి చాచి దాన్ని కూడా ఆపాడు. పై వరసలోనుంచి ఎవరో, కోపం కంటే బాధ ఎక్కువున్న గొంతుతో, “వీళ్ళకి వచ్చు” అన్నారు.

బావ వెనక్కు తిరిగాడు. ముందు అక్క వైపు చూశాడు. అక్క ఇంక తేలు కుట్టిన దొంగలా ఉండలేక, కత్తిరింపుల బల్ల సంగతి చెప్పేసింది. డాక్టరుగారు దారం సంగతి చెప్పాడు. వంకరగా ఉన్నదేదీ తాను చూస్తూ ఊరుకోలేననీ, అది వృత్తి దోషమనీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. టకటక పెట్టెల సంగతి ఒప్పుకుంది. ముందు వరసలో ఉన్న కళ్ళజోళ్ళ షాపు ఓనరు మొహం పాలిపోయింది. నమ్మినవాళ్ళే ఇలా చేశారని బావ తల పట్టుకున్నాడు. ఆయన బాధ చూడలేకనో, ఇంక దాచలేకనో, మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“మరి కొళాయి సంగతి కూడా చెప్పు నాయనా” అన్నాడు.

అక్క బావ వైపు తిరిగిన తీరు చూసి మొదటి రెండు వరసలూ వెనక్కు జరిగాయి. ఆ కొళాయి రెండేళ్ళుగా కారుతూనే ఉంది. అది ఆగితే వారం వారం వెళ్ళడానికి సాకు ఉండదు. బావ వెళ్ళడం, పావుగంట పానా పట్టుకుని కొళాయి కింద చప్పుడు చేయడం, తర్వాత పియానో పక్కన నిలబడి పాఠం చెప్పించుకోవడం. రాదన్నవాడి ముందే ఎప్పటికైనా నేర్చి చూపించాలని ఆ మనిషికి అంత కోరిక. పోస్టరు మీద నిండుదనానికి అన్న ఆ ‘వచ్చీ’ ఎక్కడినుంచి వచ్చిందో అక్కకు ఇప్పుడు అర్థమైంది.

బావకు మొహం ఎర్రబడింది. కానీ రూలు పెట్టినవాడు ఆయనే. స్టేజీ మీదే టోపీ తీసి, తాళాల గుత్తికి ఉన్న అట్టముక్కలు చింపి చీట్లు రాశాడు. గిటారు మెడలోనుంచి తీసి కింద పెట్టాడు. అక్క కీబోర్డు నుంచి చేతులు తీసింది. డాక్టరుగారు బేస్ గిటారును గోడకు తిన్నగా ఆనించాడు. చివరికి టోపీ టకటక దగ్గరికి వచ్చింది.

ఆమె డ్రమ్ము కర్రలు రెండూ గుండెకు హత్తుకుంది.

“ఇవ్వను బావా” అంది.

“రూలు” అన్నాడు బావ.

“రూలే నేనూ చెప్తున్నాను. ఇవంటే నాకు ప్రాణం. ఇవి పోకూడదనే ఇన్నాళ్ళూ తప్పడం నేర్చుకున్నాను. నాకు వచ్చింది అదొక్కటే, తప్పడం. వీటిమీద ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, మొదటినుంచి చివరిదాకా సరిగ్గా వాయించానా ఎప్పుడైనా? నువ్వు వాయించనిచ్చావా? నాకు వచ్చో రాదో నాకే తెలీదు బావా. తెలీనిదాన్ని పట్టుకుని వచ్చేసిందని ఎలా అంటావు?”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావ మాస్టారి వైపు చూశాడు. ఇందులో న్యాయం ఉందని మాస్టారు అన్నాడు. తప్పడం వచ్చినవాళ్ళకు సరిగ్గా వాయించడం కూడా వచ్చినట్టేనని శాస్త్రంలో ఎక్కడా లేదు. తేల్చుకోవాలంటే ఒకటే మార్గం. నలుగురూ తమ తమ వాయిద్యాలతో, దాపరికం లేకుండా, చేతనైనంత బాగా వాయించాలి. అది సరిగ్గా వస్తే చీట్లు తీయవచ్చు.

ఆయన యంత్రం మళ్ళీ తిప్పాడు. టకటక ఊపిరి బిగబట్టి కర్రలు ఎత్తింది. ఈసారి రెప్పపాటు లేదు. టిక్కుతో పాటే కొట్టాలి. డ్రమ్ములు పోతే పోతాయి, ఒక్కసారైనా సరిగ్గా వాయించి పోగొట్టుకుందామనుకుంది.

టిక్కు పడింది. ఆమె చెయ్యి దానంతట అది రెప్పపాటు ఆగింది. వెనకబడ్డానని గ్రహించి గబగబా అందుకోబోయి, రెండు టిక్కులు దాటి ముందుకు వెళ్ళిపోయింది. డాక్టరుగారు ఆమెను చూసి సర్దుకోబోయి, తనే పాట చివరికి చేరుకుని అక్కడ అందరికోసం ఎదురుచూశాడు. అక్క సుద్దతో గీసుకున్న గళ్ళు అసలు కీబోర్డు కంటే వెడల్పు. ఆమె వేళ్ళు వరసగా రెండేసి మెట్లమీద ఒకేసారి పడ్డాయి. కారే కొళాయి చప్పుడుకు పాడి పాడి అలవాటైన బావ ప్రతి మాటకూ ముందు నీళ్ళచుక్క కోసం ఆగాడు. చుక్క పడలేదు. నలుగురూ పళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, చెమటలు కక్కుతూ, ఉన్న శక్తంతా పెట్టి సరిగ్గా వాయించడానికి ప్రయత్నించారు. ఆ బ్యాండు అంత ఘోరంగా ఎప్పుడూ వాయించలేదు.

హాలు లేచి నిలబడింది. తిరగేసి తొడుక్కున్న టీషర్టులు అక్కడికక్కడే మళ్ళీ తిరగబడ్డాయి. జనం తాళం వేయబోయి ఒకరిమీద ఒకరు పడ్డారు. విమర్శకుడు కూడా పడ్డాడు. టకటక మాత్రం కర్రలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రమ్ములు దక్కాయని సంతోషమే. ఇంత ప్రేమించి కూడా రాలేదని ఏడుపూ వస్తోంది.

మాస్టారు మెల్లగా లేచి మైకు ముందుకు వచ్చాడు. ఆయన మొహంలో ఇరవై మంది శిష్యులను ఒకేసారి పోగొట్టుకున్నవాడి దుఃఖం ఉంది.

“ఇతనికి రెండేళ్ళుగా నేనే పాఠం చెప్తున్నాను” అన్నాడు బావ భుజం మీద చెయ్యి వేసి. “ఒట్టేసి చెప్తున్నాను, రాలేదు.”

ఆ చప్పట్ల మధ్య బావ టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వచ్చీరాని బ్యాండు దశ తిరిగింది. ఇప్పుడు వాళ్ళు సరిగ్గా వాయించడానికి నిజాయితీగా ప్రయత్నించి, ప్రతి ఊళ్ళో నిజాయితీగా ఓడిపోతున్నారు. చూసేవాళ్ళకు అది మరీ నచ్చింది. కళ్ళజోళ్ళ షాపు ఓనరు కొన్నాళ్ళు ముభావంగా ఉండి, ఆనక వాళ్ళ ఫోటో షాపు అద్దానికి అంటించుకున్నాడు. అక్క బావతో చాలాకాలం మాట్లాడలేదు. చివరికి ఒక షరతు మీద మాట్లాడింది. బావ వెళ్ళి ఆ కొళాయి బాగుచేశాడు. పాఠాలు మాత్రం మానలేదు.

మళ్ళీ మూడు నెలల పరీక్ష రోజు వచ్చింది. టకటక షాపునుంచి తిన్నగా స్టోరుకు వచ్చేసరికి బావ ఒక్కడే ఉన్నాడు, ఒక పాత కొళాయి విప్పి ముందు పెట్టుకుని. టోపీ గోడ మేకుకు వేలాడుతోంది. పరీక్ష లేదా అని ఆమె అడిగింది.

బావ నడుమునుంచి జాలీ గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఎంత చేసినా మనకు రాదని మాస్టారే అన్నాడు కదా. ఇంక భయమేముంది” అన్నాడు. “నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాయించుకో.”

ఆమె లోపలికి వెళ్ళి, కిటికీలోంచి పడుతున్న ఎండలో డ్రమ్ముల ముందు కూర్చుంది. ఎదురుగా ఎవరూ లేరు. దాచడానికి ఏమీ లేదు. నెమ్మదిగా మొదలుపెట్టింది. చెయ్యి అలవాటుగా ఆగబోయింది, ఆమె ఆగనివ్వలేదు. మళ్ళీ ఆగబోయింది. మళ్ళీ ఆగనివ్వలేదు. కాసేపటికి దెబ్బ పడాల్సిన చోట పడింది. రెండోదీ పడింది. తర్వాత ఇంక లెక్కపెట్టలేదు. ఒక పాట మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా రెప్పపాటు తేడా లేకుండా, తోలు మీదనుంచి ఆమె చేతుల్లోకి నడిచి వచ్చింది. టకటక నవ్వుతోంది, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

జాలీ బయట బావ చేతిలో పానా ఆగిపోయింది. పాట సగంలో ఉన్నప్పుడు ఆయన తల ఎత్తాడు. మేకుకు ఉన్న టోపీ వైపు చూశాడు. తర్వాత లేచి, సింకు దగ్గరికి వెళ్ళి, కొళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ళు హోరుమని పడ్డాయి. ఆ హోరులో ఏమీ వినబడనివాడిలా, పాట అయిపోయేదాకా అక్కడే నిలబడి చేతులు కడుక్కున్నాడు.